ఫ్రీజర్‌లో దాచిన నా పాలకు సబ్బు వాసన వస్తోంది, పాప తాగడం లేదు. 20 రోజుల్లో ఉద్యోగంలో చేరాలి

అడిగినవారు: బ్రాడీపేట అమ్మ

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

మాది గుంటూరు. నరసరావుపేటలో ఒక బ్యాంకు శాఖలో క్యాష్ కౌంటర్‌లో పనిచేస్తాను. పాపకు ఇవాళ్టికి 134 రోజులు. 26 వారాల ప్రసూతి సెలవులో 4 వారాలు రక్తపోటు వల్ల కాన్పుకు ముందే వాడుకోవలసి వచ్చింది. మిగిలినది ఇంకో 20 రోజుల్లో అయిపోతుంది. అప్పటికి పాపకు అయిదు నెలలు నిండుతాయి, ఆరు నిండవు. ఆ ఒక్క నెల గురించే నా దిగులంతా.

ఈ పాలు నాకు తేలిగ్గా దక్కలేదు. ఆపరేషన్ కాన్పు. మొదటి రాత్రి నేను మత్తులో ఉండగా, మా వాళ్లను ఒక్క మాట అడగకుండా ఆస్పత్రిలో పాపకు డబ్బా పాలు పట్టారు. ముర్రుపాలు రెండో రోజు సాయంత్రానికి గాని దాని నోట పడలేదు. నాకు పాలు బాగా పడేసరికి నాలుగు రోజులు దాటింది. పాప చనుమొన చివర మాత్రమే పట్టుకునేది. పదో రోజుకల్లా రెండు వైపులా చీలి నెత్తురు వచ్చింది. పాప ఏడుపు వినగానే కాలి వేళ్లు బిగబట్టుకునేదాన్ని. ఇరవయ్యో రోజో ఇరవై ఒకటో, రాత్రి రెండు గంటలప్పుడు, పాప నోరంతా తెరిచి నిండుగా పట్టుకుంది. నొప్పి లేదు. గుటకలు వినిపించాయి. గోడకు ఆనుకుని ఆ గుటకలు లెక్కపెడుతూ ఏడ్చేశాను. అలా దక్కిన పాలను ఉద్యోగం పేరు చెప్పి వదులుకోవాలని లేదు.

అందుకని మూడో నెల నుంచే దాచడం మొదలుపెట్టాను. తెల్లవారుజామున అయిదింటికి పాప తాగాక, మిగిలినది పంపుతో తీసి, పాలు దాచే సంచుల్లో పోసి, ఒక్కోదాని మీద తేదీ, వేళ రాసి ఫ్రీజర్‌లో పెట్టాను. మొత్తం 23 సంచులు అయ్యాయి. ఒక్కో దానిలో 60, 70 మి.లీ. ఉంటాయి. మొన్న ఆదివారం అలవాటు చేద్దామని ఒకటి కరిగించి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేసి చెంచాతో పట్టాను. పాప ఒక్క గుక్క తీసుకుని ముఖం తిప్పేసి పెదవులు బిగించింది. వాసన చూస్తే బట్టల సబ్బు నీళ్లలా ఉంది. నాలుక మీద వేసుకుంటే కొంచెం చేదు కూడా. ఇంకో రెండు సంచులు తీసి చూశాను, అవీ అంతే. కరెంటు పోయినప్పుడు పాడయ్యాయేమో అనుకుందామంటే సంచులు రాయిలా గడ్డకట్టే ఉన్నాయి. మిగిలిన 20 సంచులు ఏం చేయాలి? అత్తయ్య పారబొయ్యమంటున్నారు. నాకు చేతులు రావడం లేదు.

రెండో సంగతి. మధ్యాహ్నం పంపు పెడితే రెండు వైపులా కలిపి 35, 40 మి.లీ. మించి రావడం లేదు. నెల కిందట ఇంతకంటే బాగా వచ్చేవి. పంపు కొత్తది కాదు, మా ఆడపడుచు తన బాబుకు మూడేళ్ల కిందట వాడి నాకు ఇచ్చింది. అత్తయ్య ఆ సీసా గీతలు చూసి "ఇన్నే పాలా? దాని కడుపు ఎలా నిండుతోందమ్మా?" అంటారు. ఆవిడ ముగ్గురిని పెంచిన మనిషి, పాప అంటే ప్రాణం. మనసులో చెడు లేదు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ తరువాత వచ్చే పాలు ఇంకా తగ్గుతున్నట్టు అనిపిస్తోంది. పాప 2.8 కిలోలతో పుట్టింది. నాలుగు నెలలు నిండినప్పుడు తూచితే 6.1 ఉంది.

మూడోది, పాపకు అయిదో నెలలో అన్నప్రాసన అని వచ్చే గురువారానికి ముహూర్తం పెట్టారు. ఆడపిల్లకు బేసి నెల కదా. ఆ రోజు నుంచి మెత్తగా అన్నం పెట్టేస్తే నేను వెళ్లినా ఇబ్బంది ఉండదని అందరి ఆలోచన.

పొద్దున ఎనిమిదింటికి ఇల్లు వదిలితే సాయంత్రం ఆరున్నర అవుతుంది తిరిగి వచ్చేసరికి. మా శాఖలో పంపు పెట్టుకోవడానికి చోటు లేదు. పాత రికార్డుల గది ఉంది, దానికి లోపలి గడియ లేదు. ఫోన్ చేసి అడిగితే "వచ్చాక చూద్దాం" అన్నారు. ఎండలా, మీకు తెలిసినవే. తీసిన పాలు సాయంత్రం దాకా ఎలా ఉంటాయి? ఇవన్నీ దాటిన వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు 1: ఇద్దరు పిల్లల తల్లి, తిరుపతి

పారబోయకండి! ముందు ఆ మాట చెప్పాలనే గబగబా రాస్తున్నాను.

మా పెద్దవాడి వేళ సరిగ్గా ఇలాగే జరిగింది. చెడిపోయాయనుకుని దాదాపు రెండు లీటర్లు సింకులో పోశాను. ఆ దృశ్యం ఇప్పటికీ మరిచిపోలేదు. తరువాత పిల్లల డాక్టరు గారు చెప్పారు. తల్లిపాలలో లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, పాలలోని కొవ్వును విడగొట్టడం దాని పని. ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో కూడా ఆ పని ఆగదు, నెమ్మదిస్తుంది అంతే. కొందరి పాలలో అది త్వరగా జరిగి సబ్బు వాసన వస్తుంది. ఆ పాలు బిడ్డకు హాని చేయవు. విరిగిన పాలది పులిసిన కంపు, ఒకసారి రెండూ చూస్తే మళ్లీ పొరబడరు. కొందరు పిల్లలు పట్టించుకోకుండా తాగేస్తారు. మీ పాప, మా వాడు పట్టించుకునే రకం.

మీరు చేయవలసింది ఇది. ఇవాళ తీసిన పాలు ఒక చిన్న గాజు గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, కొన్ని గంటలకొకసారి వాసన చూడండి. వాసన ఎన్ని గంటలకు మొదలవుతుందో తెలిస్తే సగం సమస్య తీరినట్టే. నాకు ఎనిమిది గంటలకే వచ్చేది. అందుకని ఫ్రీజర్‌లో పెట్టబోయే పాలను ముందే వేడి చేసేదాన్ని. చిన్న స్టీలు గిన్నెలో సన్నని సెగ మీద పెట్టి, అంచుల వెంట చిన్న చిన్న బుడగలు రాగానే దించెయ్యాలి. పొంగనివ్వకూడదు. వెంటనే ఆ గిన్నెను మంచునీళ్లలో పెట్టి చల్లార్చి సంచిలో పొయ్యాలి. అప్పుడు నెల తరువాత తీసినా వాసన రాలేదు. కానీ వాసన వచ్చేశాక కాస్తే పోదు, అది నేను చేసి చూశాను. కాచితే పాలలో రోగాలను అడ్డుకునే గుణం కొంత తగ్గుతుందట, అందుకని మరుసటి రోజుకు సరిపోయే పాలను కాచవద్దు.

ఇప్పుడున్న 20 సంచులకు దారి ఉంది. ఒక వంతు పాత పాలకు రెండు వంతులు అప్పుడే తీసిన పాలు కలిపి చూడండి. దానికీ ఒప్పుకోకపోతే ఆరు నెలలు నిండాక రాగిజావలోకి, మెత్తని అన్నంలోకి కలిపి పెట్టండి. ఫ్రీజర్‌లో ఆరు నెలల దాకా ఉంచవచ్చు. తలుపు దగ్గర పెట్టకండి, లోపలికి నెట్టి ఉంచండి.

జవాబు 2: కాకినాడ నర్సు

19 ఏళ్లుగా నవజాత శిశువుల వార్డులో పనిచేస్తున్నాను. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముందు కనిపించిన అంకె 6.1. అయిదు నెలలు నిండకుండానే పుట్టినప్పటి బరువుకు రెండింతలు దాటింది మీ పాప. దానితో పాటు రోజుకు ఆరు అంతకంటే ఎక్కువ సార్లు బట్టలు తడుపుతూ ఉంటే పాలు చాలడం లేదన్న మాటే లేదు. సీసా గీతలను బట్టి తల్లి పాలను లెక్కకట్టకూడదు. పాప తాగిన తరువాత మిగిలినది తీస్తున్నారు మీరు. అప్పుడు 60 మి.లీ. వచ్చాయంటే అది మంచి రాబడి.

ఇక పంపు సంగతి. మూడేళ్ల కిందటిది అంటున్నారు కాబట్టి దానిలోని రబ్బరు కవాటం సాగిపోయి ఉంటుంది. పైకి బాగానే కనిపిస్తుంది, మోటారు చప్పుడూ మారదు, పీల్చే బలం మాత్రం తగ్గిపోతుంది. రోజూ వాడేవాళ్లు దాన్ని రెండు మూడు నెలలకోసారి మార్చాలి. పాలు తగిలే ప్రతి భాగమూ కొత్తది కొనండి, వేరొకరు వాడినది కాబట్టి శుభ్రం కోసం కూడా అది అవసరం. పాలు మోటారులోకి వెళ్లే వీలున్న రకమైతే మాత్రం మొత్తం పంపునే పక్కన పెట్టండి. తరువాత రొమ్ముకు ఆనించే గరాటా చూడండి. చాలా పంపులతో 24 మి.మీ. కొలత ఇస్తారు, అది అందరికీ సరిపోదు. చనుమొన అడ్డు కొలత స్కేలుతో చూసి, దానికి రెండు మూడు మి.మీ. మాత్రమే ఎక్కువ ఉన్నది తీసుకోండి. చుట్టూ ఉన్న నల్లని చర్మం కూడా లోపలికి లాగుతోందంటే గరాటా పెద్దదైనట్టు. ఇలా సరిచేసుకుని పాలు పెరిగిన తల్లులను చాలామందిని చూశాను.

ఒక మాట అడుగుతాను. మీ అత్తయ్య గారి ఇంట్లో ఎప్పుడైనా పాడి ఉండేదా? ఉంటే ఆవిడకు ఈ విషయం మీకంటే బాగా తెలుసు. దూడను వదలకుండా, కొత్త మనిషి కూర్చుంటే గేదె చేపదు. తల్లికీ అంతే. ఎవరో గీతలు చూస్తూ ఉంటే పాలు చేపుకు రావు. పంపు పెట్టే ముందు రెండు నిమిషాలు వెచ్చని గుడ్డ వేసుకోండి, చేత్తో మెల్లగా నిమరండి, పాప వీడియో చూడండి, లేదా పాప కట్టి విడిచిన గుడ్డ దగ్గర పెట్టుకోండి. సీసాకు ఒక సాక్సు తొడగండి, మీకు కూడా గీతలు కనిపించవద్దు. ఎక్కడైనా గడ్డకట్టినట్టు నొప్పిగా ఉంటే గట్టిగా నలపవద్దు, చల్లని గుడ్డ వేయండి. జ్వరం వస్తే డాక్టరుకు చూపించాలి.

మీరు వెళ్లాక ఎన్ని పాలు కావాలంటే, ఒకటో నెల నుంచి ఆరో నెల వరకు తల్లిపాలు తాగే పిల్లలు రోజుకు సుమారు 750 మి.లీ. తాగుతారు. మీరు దూరంగా ఉన్న ప్రతి గంటకూ 30 మి.లీ. చొప్పున లెక్క వేసుకోండి. పదిన్నర గంటలకు 300 పైచిలుకు. ఒక్కోసారికి 90 నుంచి 100 చాలు. డబ్బా మీద రాసిన కొలతలు డబ్బా పాలవి, వాటితో పోల్చుకోకండి. సీసా వద్దనే పిల్లకు సీసా వద్దు. మన ఉగ్గుగిన్నె ఉంది కదా. మా వార్డులో కిలోన్నర పిల్లలకు కూడా దానితోనే పడతాం. తల ఎత్తి కూర్చోబెట్టినట్టు పట్టుకుని, పెదవికి ఆనించి, తానుగా చప్పరించేదాకా ఆగాలి. గొంతులో పొయ్యకూడదు. మీరు కాకుండా అత్తయ్య గారే పట్టాలి, మీరు గదిలో లేనప్పుడు. మీ వాసన తెలుస్తూ ఉంటే పాప గిన్నె ముట్టదు. కొందరు పిల్లలు పగలు తక్కువ తాగి, రాత్రి తల్లి దగ్గర ఆ బాకీ తీర్చుకుంటారు. రాత్రి ఎక్కువసార్లు లేస్తే కంగారు పడవద్దు.

అన్నప్రాసనకు నా సలహా పురోహితుడి లెక్కలోనే ఉంది. ఆడపిల్లకు బేసి నెల. అయిదు కాకపోతే ఏడు. ఏడో నెల మొదలయ్యిందంటే ఆరు నిండినట్టే. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇంట్లో ఎవరి మాటా తీసివేయకుండా పని జరుగుతుంది.

జవాబు 3: హనుమకొండ నుంచి

పాలు కాచితే సారం పోతుందేమో అని బాధపడే వాళ్ల కోసం ఒక మాట. మా బాబు 2019లో 32 వారాలకే పుట్టాడు. హైదరాబాదు నీలోఫర్‌లో ఉన్నాడు. నాకు పాలు పడేదాకా నాలుగు రోజులు అక్కడి ధాత్రి తల్లిపాల బ్యాంకు పాలే తాగాడు. ఎవరో తల్లులు ఇచ్చిన పాలు. ఆ పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి, తరువాత మైనస్ 20లో దాస్తారు. అంత వేడి చేసినా నెలలు నిండని పిల్లలకు డబ్బా పాల కంటే అవే మేలని ఇస్తారు. నాకు పాలు పడ్డాక నేను కూడా అక్కడ ఇచ్చాను. ఎవరి బిడ్డ తాగిందో తెలియదు, ఆ తల్లులకు మాత్రం రుణపడి ఉన్నాను.

ఇక ఆఫీసు. "వచ్చాక చూద్దాం" అన్నారంటే మొదటి రోజు ఏమీ ఉండదని అర్థం. చేరకముందే కాగితం మీద రాసి ఇవ్వండి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం కాలం నుంచే, మామూలు విశ్రాంతి సమయం కాక, బిడ్డకు 15 నెలలు నిండే వరకు రోజుకు రెండు విరామాలు తల్లి హక్కు. 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ అది ఉంది. చట్టంలో పాలివ్వడం అనే ఉంటుంది, పంపు అనే మాట ఉండదు. బిడ్డ 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు పాలివ్వడమంటే ఇదేనని నేను నా ఉత్తరంలో రాశాను. ఎవరూ కాదనలేదు. భోజనం వేళతో కలిపి మూడుసార్లు తీయవచ్చు. రికార్డుల గది తలుపుకు గడియ మీరే బిగించుకోండి. వడ్రంగికి ఎంతో ఇవ్వనక్కర్లేదు, ఆ గదికి మీరు పెట్టించిన గడియ తరువాత వచ్చే అమ్మాయికి కూడా పనికొస్తుంది.

ఎండ విషయంలో జాగ్రత్త. బయట నాలుగు గంటలు ఉంటాయని ఎవరైనా చెబితే అది 25 డిగ్రీల లోపు గదికి వర్తించే మాట. మన మే నెలకు కాదు. తీసిన వెంటనే ఐస్ ప్యాక్‌లున్న మందపాటి సంచిలో పెట్టండి. మంచు కరగకుండా ఉంటే 24 గంటల దాకా ఫరవాలేదు. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లోకి.

బ్రాడీపేట అమ్మ (అదే వారంలో)

మీ ముగ్గురికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. వాసన పరీక్ష చేశాను. 24 గంటల దాకా ఏ తేడా లేదు, 36 గంటలప్పుడు మొదలైంది. అంటే సోమవారం తీసిన పాలు మంగళవారం పాపకు కాచకుండానే ఇవ్వవచ్చు. ఆదివారంతో పాటు రెండో, నాలుగో శనివారాలు ఎలాగూ ఇంట్లోనే ఉంటాను. సెలవుకు ముందు రోజు తీసినవి మాత్రమే కాచి ఫ్రీజర్‌లో పెడతాను.

గరాటా కొలిచాను. నాకు కావలసింది 19, నేను వాడుతున్నది 24. కవాటాలు కూడా కొత్తవి తెప్పించాను. నిన్న పొద్దున ఒక్క వైపే 75 వచ్చాయి.

నర్సు గారూ, మీరు అడిగింది నిజమే. అత్తయ్య వాళ్ల పుట్టింట్లో నాలుగు గేదెలు ఉండేవట. మీ జవాబు చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత, చిన్నప్పుడు ఒక గేదె దూడ చనిపోతే ఆ దూడ తోలులో గడ్డి కూరి ఎదురుగా నిలబెట్టి పాలు పిండేవాళ్లమని చెప్పారు. "అది దాన్ని నాకుతూ చేపేది" అన్నారు. ఆ మాట చెబుతూ కళ్లు తుడుచుకున్నారు. ఆ సాయంత్రమే ఆవిడే ఫోన్ చేసి అన్నప్రాసన ఏడో నెలకు మార్పించారు.

బ్రాడీపేట అమ్మ (24 రోజుల తరువాత)

ఉద్యోగంలో చేరి నాలుగు రోజులైంది. ఉత్తరం ముందే ఇచ్చాను. గడియ మా వారు వచ్చి బిగించారు. 11 గంటలకు, భోజనానికి ముందు, నాలుగున్నరకు తీస్తున్నాను. మొదటి రోజు 80, 70, 65 వచ్చాయి. రెండో రోజు కౌంటర్ దగ్గర వరుస పెరిగి రెండోసారి కుదరలేదు, బస్సులో జాకెట్టు తడిసిపోయింది. మరునాటి నుంచి ఎంత వరుస ఉన్నా లేస్తున్నాను. నా చోట కూర్చునే సహోద్యోగి ఆ పావుగంట అడగకుండానే వచ్చి కూర్చుంటున్నారు.

పాప మొదటి రోజు పగలంతా కలిపి 110 మాత్రమే తాగింది. ఆ రాత్రి నన్ను అయిదుసార్లు లేపింది. నిన్న 260 తాగింది. ఉగ్గుగిన్నె అత్తయ్యది, మా వారు చిన్నప్పుడు తాగిన వెండిదట. సాయంత్రం నేను గేటు తీసే చప్పుడుకే గుర్తుపట్టి అరుస్తోంది. చేతులు కడుక్కునేదాకా కూడా ఆగదు.

పాత సంచుల్లో తొమ్మిది కలిపి పట్టేశాము. మిగిలిన 11 ఫ్రీజర్‌లో వెనక్కి ఉన్నాయి. ఇవాళ ఐస్ ప్యాక్‌లు పెడుతూ చూశాను, అత్తయ్య వాటిని ఒక కవరులో కట్టి, పైన పెన్నుతో "పాప అన్నానికి" అని రాసి పెట్టారు.